ఫ్లయింగ్ స్క్వాడ్ డ్యూటీ పడిందా? మొదటి వారంలో ఎవరిని, ఎలా కలవాలి

ఎన్నికల షెడ్యూలు ప్రకటించగానే మీ చేతికి ఆర్డర్ వస్తుంది. నియోజకవర్గం పేరు, టీమ్ నంబరు, షిఫ్టు, కింద సంతకం, అంతే. నిన్నటి దాకా మీరు వ్యవసాయ అధికారి, పంచాయతీరాజ్ ఇంజనీరు, లేదా ఏదో ఆఫీసులో సూపరింటెండెంటు. ఇవాళ ఎన్నికల్లో డబ్బు, మద్యం పంపకాలను పట్టుకునే ఫ్లయింగ్ స్క్వాడ్‌కు ఇన్‌చార్జి. నడిరోడ్డు మీద కారు ఆపి డిక్కీ తెరవమని అడిగే అధికారం మీకు వచ్చింది. టెన్షన్ పడటం సహజం.

నాకు ఈ డ్యూటీ 2023 తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో పడింది. నేను వ్యవసాయ శాఖ మనిషిని. అక్టోబరు 9న షెడ్యూలు వచ్చింది, నవంబరు 30న పోలింగ్. శిక్షణలో నిబంధనలు బాగానే చెప్పారు. ఎవరిని ముందుగా కలవాలో, కలిస్తే ఏం అడగాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. మొదటి వారం నేను జీపులో తిరగడమే పని అనుకున్నాను. రెండో వారంలో ఒక పత్తి రైతు డబ్బు పట్టుకున్నప్పుడు నా పొరపాటు తెలిసింది. ఆ సంగతి కింద చెబుతాను.

మీరు ఒంటరిగా ఏదీ చేయలేరు. పట్టుకున్నది కోర్టులో నిలబడాలన్నా, పొరపాటున పట్టుకున్నది సొంతదారుకి త్వరగా చేరాలన్నా పదిమంది సాయం కావాలి. ఆ పదిమందితో పరిచయం అవసరం పడకముందే ఉండాలి. అర్ధరాత్రి రెండు లక్షలు, ఒక ఏడుస్తున్న మనిషి ఎదురుగా ఉన్నప్పుడు ఫోన్ చేసి “నేను ఫలానా” అని మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.

ముందు మీ సంగతి రాతపూర్వకంగా చెప్పండి

ఆర్డర్ అందుకున్న రోజే మీ నియోజకవర్గం ఎన్నిక నడిపే రిటర్నింగ్ అధికారిని (ఆర్వోను) కలవండి. మీ బంధువు ఎవరైనా ఆ నియోజకవర్గంలో పోటీలో ఉన్నా, ఏదైనా పార్టీలో తిరుగుతున్నా, మీ ఇంటి స్థలం గొడవ స్థానిక నాయకుడితో నడుస్తున్నా ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఇది మిమ్మల్ని తప్పించమని అడగడం కాదు. రేపు ఎవరో ఆరోపణ చేస్తే, ఆర్వోకు అది ముందే మీ నోటి నుంచి తెలిసి ఉండాలి.

ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 28ఏ సెక్షన్ కింద నోటిఫికేషన్ నుంచి ఫలితాలు ప్రకటించేదాకా ఎన్నికల పనిలో ఉన్న అధికారులు, పోలీసులు ఎన్నికల సంఘం డెప్యుటేషన్ మీద ఉన్నట్టే లెక్క. దాని అజమాయిషీ, క్రమశిక్షణ వర్తిస్తాయి. ఇది మీ సొంత శాఖ పై అధికారికి కూడా మర్యాదగా చెప్పి రండి. లేకపోతే మూడో రోజు నుంచే ఆయన “ఆ రిపోర్టు ఏమైంది?” అని ఫోన్ చేస్తారు. మీరు రోడ్డు మీద ఉంటారు. ఇద్దరికీ చిరాకు.

మీ బండిలో వాళ్లే మీ మొదటి బంధువులు

ఫ్లయింగ్ స్క్వాడ్ అంటే మీరు, ఒక పోలీసు అధికారి, ముగ్గురు నలుగురు సాయుధ సిబ్బంది, ఒక వీడియోగ్రాఫర్, డ్రైవర్. పోలింగ్ దాకా వీళ్లతోనే మీ తిండి, నిద్ర. మొదటి షిఫ్టు మొదలవకముందే ఒక గంట అందరినీ కూర్చోబెట్టుకోండి. చెట్టు కింద అయినా సరే. పేర్లు, ఊళ్లు, ఇంట్లో ఎవరున్నారు, ఎవరికి షుగర్, ఎవరు ఎన్నింటికి తినాలి, ఇవన్నీ అడగండి. పన్నెండు గంటలు ఎండలో నిలబెట్టిన హెడ్ కానిస్టేబుల్ భోజనం గురించి పట్టించుకోని ఇన్‌చార్జి మాట, ఆ సాయంత్రం గుంపు ముందు ఆయన ఎంత మనసుపెట్టి వింటాడో ఆలోచించండి.

వీడియోగ్రాఫర్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. చాలాచోట్ల అతను ప్రభుత్వ ఉద్యోగి కాదు. రోజుకూలీ మీద వచ్చిన పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్. అదే ఊరివాడు. ఎన్నికలయ్యాక ఆ ఊళ్లోనే స్టూడియో నడుపుకోవాలి. నాయకుల ఇళ్లలో పెళ్లిళ్లకు అతన్నే పిలుస్తారు. కాబట్టి అతని భయం నిజమైన భయం. “కెమెరా ఎప్పుడు ఆన్ చేయాలో, దేని మీద పెట్టాలో నేను చెప్పినట్టే చేశావు, బాధ్యత నాది” అని అందరి ముందూ చెప్పండి. ఎవరైనా అతన్ని బెదిరిస్తే అదే రోజు ఆర్వోకు రాసి పంపండి. ఆ భరోసా ఉంటేనే అతని చెయ్యి వణకదు.

పని విషయంలో అతనితో రెండు మాటలు ఖాయం చేసుకోండి. బండి తలుపు తెరవకముందే రికార్డింగ్ మొదలవాలి. నోట్లు లెక్కపెట్టేటప్పుడు మధ్యలో ఆపకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 105వ సెక్షన్ సోదా, స్వాధీనం మొత్తం ఆడియో, వీడియో తీయాలని చెబుతుంది. సాక్షులు సంతకాలు పెట్టడం కూడా అందులోనే రావాలి. అంటే అతని కెమెరా ఇప్పుడు మీ పంచనామాకు (సాక్షుల ముందు రాసే సోదా, స్వాధీనం కాగితానికి) ప్రాణం.

డ్రైవర్‌తో మాట్లాడేటప్పుడు బండి ఎవరిదో అడగండి. అద్దె బండి అయితే ఓనరు ఏదైనా పార్టీ మనిషా అని నేరుగా అడగండి. అవునంటే డ్రైవర్ మీద కోపం వద్దు. మౌనంగా బండి మార్పించండి. మీరు ఎటు వెళుతున్నారో ఓనరుకు ఫోన్‌లో తెలిసిపోతుంటే మీరు రాత్రంతా తిరిగినా దొరికేది ఖాళీ రోడ్లే.

ఇంకో షిఫ్టు ఇన్‌చార్జిలు ఉంటారు కదా, వాళ్లతో కూడా ఒకసారి టీ తాగండి. షిఫ్టు మారేటప్పుడు ఒకే నోటుబుక్కు చేతులు మారేలా చేసుకోండి. ఎక్కడ అనుమానం వచ్చింది, ఎవరు ఫోన్ చేశారు, ఏ బండి రెండుసార్లు కనిపించింది అన్నీ అందులోనే రాయండి.

పోలీస్ స్టేషన్‌కు మీరే వెళ్లండి

ఎస్‌ఐ దగ్గరికి మనిషిని పంపకండి. ముందు ఫోన్ చేసి, ఆయనకు వీలైన టైమ్ అడిగి, మీరే వెళ్లండి. మీరు హోదాలో పెద్దవాళ్లయినా సరే. ఆ స్టేషన్ పరిధి ఆయనకు అరచేతిలో గీతల్లా తెలుసు. మీకు తెలియదు. గత ఎన్నికల్లో కేసులైన ఊళ్లు, బెల్టు షాపులు ఎక్కువ ఉన్న తండాలు, చెక్‌పోస్టు తప్పించుకుని పోయే మట్టి రోడ్లు, ఇవన్నీ ఆయన మ్యాపు మీద గుర్తుపెట్టి ఇస్తారు. అడిగే తీరు ముఖ్యం. “మీ ఏరియాలో డబ్బు పంచుతున్నారంట కదా” అంటే ఆయన మూసుకుపోతారు. “నేను కొత్త, ముందు ఎక్కడ తిరగమంటారు?” అంటే అరగంట మాట్లాడతారు.

అక్కడి నుంచి నేరుగా బయటికి రాకండి. కేసుల కాగితాలు రాసే స్టేషన్ రైటర్ దగ్గర కూర్చోండి. పంచనామా ఎలా రాస్తే కోర్టులో వెనక్కి రాదో ఆయనకు తెలిసినంతగా చాలామంది అధికారులకు తెలియదు. ఓటరుకు లంచం ఇవ్వడం భారతీయ న్యాయ సంహిత 170, 173 సెక్షన్ల కిందికి వస్తుంది. ఇది నాన్‌కాగ్నిజబుల్ నేరం, కాబట్టి కోర్టు అనుమతి తీసుకున్నాకే పోలీసులు దర్యాప్తు చేయగలరు. ఆ అర్జీ ఎవరు రాస్తారు, ఏ కోర్టుకు వెళుతుంది, సెలవు రోజైతే ఏం చేయాలి? ఇవి రైటర్‌ను అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. సీజ్ చేశాక కేసును 24 గంటల్లో కోర్టు ముందు పెట్టాలి కాబట్టి ఈ కాగితం ఒక్కటే మీకు చాలా రాత్రులు కాపాడుతుంది.

పంచనామాకు సాక్షులు కావాలి. పంచాయతీ కార్యదర్శుల నంబర్లు ముందే తీసుకుని, వాళ్లకు కూడా మీ నంబరు ఇచ్చి, “అర్ధరాత్రి పిలవాల్సి రావచ్చు, ఏమనుకోకండి” అని ముందే చెప్పండి. మహిళా కానిస్టేబుల్ ఏ షిఫ్టులో ఎవరో తెలుసుకోండి. ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగు మహిళా అధికారి లేకుండా ముట్టుకోకూడదు. ఈ ఒక్క విషయంలో తొందరపడిన టీమ్‌ను ఊరు జన్మలో నమ్మదు.

కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న పిల్లలు

ఎన్నికల ఉల్లంఘనల మీద జనం ఫిర్యాదు చేసే సీవిజిల్ యాప్‌లో ఫిర్యాదు పడితే 100 నిమిషాల్లో తేలాలి. అందులో 5 నిమిషాలు కంట్రోల్ రూమ్ వాళ్లు మీకు అప్పగించడానికి, 15 నిమిషాలు మీరు అక్కడికి చేరడానికి, 30 నిమిషాలు విచారించి రిపోర్టు పంపడానికి, మిగతా 50 ఆర్వో నిర్ణయానికి. ఇందులో మీ ప్రాణం తీసేది ఆ 15 నిమిషాలే.

కంట్రోల్ రూమ్‌లో ఉండేది ఎక్కువగా కంప్యూటర్ ఆపరేటర్లు, చిన్నవాళ్లు. వాళ్లకు మీ నియోజకవర్గం స్క్రీన్ మీద చుక్కలు. ఒకసారి వెళ్లి కలవండి. ఒకే పేరుతో రెండు ఊళ్లు ఉంటే చెప్పండి, రైల్వే గేటు ఎక్కడ పడుతుందో చెప్పండి, ఏ వాగు దాటాలో చెప్పండి. మా దగ్గర ఒకే పేరుతో రెండు పల్లెలు ఉండేవి, పదిహేను కిలోమీటర్ల దూరం. వాళ్లతో కూర్చుని మాట్లాడిన తర్వాత ఆపరేటర్ అమ్మాయి ఫిర్యాదు పంపేటప్పుడు “సార్, చెరువు పక్కది” అని ఫోన్ కూడా చేసేది. ఆ ఒక్క మాట ఎన్నిసార్లు ఆదుకుందో.

డబ్బు లెక్క, డబ్బు దారి

ఇక ఆ పత్తి రైతు సంగతి. పత్తి అమ్మకాల రోజులు. సాయంత్రం బొలెరోలో వస్తున్న ఒక రైతు దగ్గర లక్షా ఎనభై వేలు దొరికాయి. కాగితం లేదు. పత్తి అమ్మానన్నాడు. కూతురు పెళ్లి అన్నాడు. పంచనామా రాశాం, డబ్బు తీసుకున్నాం. “ఎక్కడ అడగాలి సార్, ఎప్పుడిస్తారు?” అని అడిగాడు. నాకు జవాబు సరిగా తెలియదు. “కలెక్టరేట్‌కు వెళ్లు” అన్నాను. అతను రెండు రోజులు తిరిగాడు. ఒక ఆఫీసులో ఎవరూ పలకలేదు, ఇంకోచోట రేపు రమ్మన్నారు. మూడో రోజు నేనే కూర్చుని అడిగితే తెలిసింది, సీజ్ చేసిన డబ్బు విషయం చూడటానికి జిల్లాలో ముగ్గురు అధికారుల కమిటీ ఉంటుందని. జిల్లా పరిషత్ సీఈవో లేదా జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థ (డీఆర్‌డీఏ) ప్రాజెక్టు డైరెక్టరు, ఖర్చుల పర్యవేక్షణ నోడల్ అధికారి, జిల్లా ట్రెజరీ అధికారి అందులో సభ్యులు. ఎఫ్‌ఐఆర్ లేకపోతే, అభ్యర్థికో పార్టీకో సంబంధం లేదని తేలితే, ఎవరూ అడగకపోయినా ఆ కమిటీయే చూసి డబ్బు విడుదల చేయాలి. కేసు లేనిది పోలింగ్ తర్వాత 7 రోజులకు మించి ఉంచకూడదు. ఇది మొదటి వారంలో నేను తెలుసుకుని ఉండాల్సింది. ఆ నోడల్ అధికారితో నాకు ముందే పరిచయం ఉండి ఉంటే, ఆ రైతు రెండు రోజులు మెట్లు ఎక్కి దిగేవాడు కాదు.

మీరు ఆ పొరపాటు చేయకండి. మొదటి మూడు రోజుల్లోనే కలెక్టరేట్‌కు వెళ్లి నోడల్ అధికారిని, అభ్యర్థుల ఖర్చులు చూసే అసిస్టెంట్ ఎక్స్‌పెండిచర్ అబ్జర్వర్‌ను, అకౌంటింగ్ టీమ్‌ను కలవండి. కమిటీ ఎక్కడ కూర్చుంటుంది, ఎన్ని గంటలకు, ఎవరికి ఫోన్ చేయాలి అన్నీ ఒక చిన్న స్లిప్పు మీద తెలుగులో ప్రింట్ తీయించండి. డబ్బు తీసుకున్న ప్రతి మనిషి చేతిలో రశీదుతో పాటు ఆ స్లిప్పు పెట్టండి.

తర్వాత మీరు వెళ్లాల్సింది మార్కెట్ యార్డుకు. కార్యదర్శిని, కమీషన్ ఏజెంట్ల సంఘం వాళ్లను, జిన్నింగ్ మిల్లు వాళ్లను, బ్యాంకు మేనేజర్లను, ఫంక్షన్ హాళ్ల వాళ్లను ఒకచోట పిలిపించమని ఆర్వోను అడగండి. జనంలో “యాభై వేలు దాటితే పట్టేస్తారు” అనే భయం ఉంది. అసలు నిబంధన అది కాదు. అభ్యర్థి, అతని ఏజెంటు లేదా పార్టీ కార్యకర్త ఉన్న బండిలో 50,000కు పైగా నగదు దొరికినా, ఓటర్లకు పంచేలా కనిపించే 10,000కు పైబడిన వస్తువులు, మద్యం లాంటివి దొరికినా సీజ్ చేయాలి. 10 లక్షలు దాటి ఉండి, నేరంతో గానీ అభ్యర్థితో గానీ సంబంధం కనిపించకపోతే సీజ్ చేయకుండా ఆదాయపు పన్ను శాఖకు తెలపాలి. ఈ తేడా వ్యాపారులకు, రైతులకు ఓపిగ్గా చెప్పండి. యార్డులో తక్‌పట్టీ (పంట అమ్మిన రశీదు), బ్యాంకు విత్‌డ్రాయల్ స్లిప్పు, పెళ్లి కార్డు, బంగారం షాపు రశీదు వెంట ఉంచుకోమని చెప్పండి. ఈ మాట యార్డు మైకులో ఉదయం వేలం ముందు చెప్పిస్తే చాలా రైతులకు చేరుతుంది. మేం రెండో వారం నుంచి అలా చెప్పించాం. తర్వాత ఆపిన రైతుల్లో చాలామంది మేం అడగకముందే జేబులోంచి కాగితం తీసేవారు.

పార్టీల వాళ్లతో

అందరినీ ఒకేసారి, ఒకేచోట, ఆర్వో సమావేశంలోనే కలవండి. మీ నంబరు అక్కడే అందరికీ ఇవ్వండి. అధికార పార్టీ మండల అధ్యక్షుడికి చెప్పిన మాటే, వెనక బెంచీలో కూర్చున్న స్వతంత్ర అభ్యర్థికీ చెప్పండి. ప్రచార బండ్ల అనుమతి ఎన్నికల సంఘం ఆన్‌లైన్ సువిధలో ఎలా తీసుకోవాలి, బండి అద్దానికి అనుమతి పత్రం ఎక్కడ అంటించాలి, స్టార్ క్యాంపెయినర్ సొంత ఖర్చుకు లక్ష దాకా పెట్టుకోవచ్చు, పార్టీ కోశాధికారి ధ్రువపత్రం ఉన్న డబ్బు సీజ్ చేయం, దాని కాపీ తీసుకుంటాం అని ముందే చెబితే రోడ్డు మీద సగం వాదనలు ఉండవు.

వాళ్ల ఇళ్లకు, పార్టీ ఆఫీసులకు ఒంటరిగా వెళ్లకండి. వెళ్లాల్సి వస్తే టీమ్‌తో, కెమెరాతో వెళ్లండి. టీ ఇస్తే వద్దనడానికి మొహమాటపడకండి. “డ్యూటీలో తాగనన్నా, ఎన్నికలయ్యాక తాగుదాం” అంటే ఎవరూ బాధపడరు. మన ఊళ్లలో టీ కాదంటే అవమానం అనుకుంటారని నేనూ భయపడ్డాను. నవ్వుతూ చెబితే ఎవరూ అలా అనుకోలేదు.

కష్టమైనది పాత స్నేహం. కాలేజీలో నా పక్కన కూర్చున్నవాడు ఒక అభ్యర్థి వెంట తిరుగుతూ కనిపించాడు. మొదటి రోజే ఫోన్ చేసి, “ఒరేయ్, నవంబరు ముప్పై దాకా నాకు ఫోన్ చేయకు, నేనూ చేయను, తర్వాత మా ఇంటికి భోజనానికి రా” అన్నాను. వాడు ఒక్క క్షణం ఆగి సరే అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. చెప్పకుండా తప్పించుకు తిరిగితే స్నేహం పోతుంది, చెప్పి దూరంగా ఉంటే నిలుస్తుంది. ఊరి వాట్సాప్ గ్రూపుల నుంచి కూడా అలాగే చెప్పి బయటికి రండి.

విలేకరులకు మర్యాదగా నమస్కారం పెట్టండి. సీజ్ వివరాలు మాత్రం ఆర్వో ఆఫీసు నుంచే వెళ్లాలి, మీ నోటి నుంచి కాదు. అది మొదటి పరిచయంలోనే చెప్పేస్తే తర్వాత ఇబ్బంది ఉండదు.

ఊళ్లో మనుషులు

బూత్ స్థాయి అధికారులు చాలాచోట్ల అంగన్‌వాడీ టీచర్లే. వాళ్లకు ఊళ్లో ప్రతి గడపా తెలుసు. ఎవరింట్లో చీరల మూటలు దిగాయో కూడా తెలిసి ఉండొచ్చు. దయచేసి వాళ్లను గూఢచారులుగా వాడుకోకండి. మీరు పోలింగ్ తర్వాత వెళ్లిపోతారు. ఆమె రేపు కూడా అదే వీధిలో పిల్లలకు అన్నం పెట్టాలి. మీరు చేయగలిగింది ఒకటి ఉంది. సీవిజిల్‌లో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చని, ఫొటో లేదా రెండు నిమిషాల వీడియో చాలని, ఫోన్ అయితే 1950కి చేయొచ్చని అందరికీ తెలిసేలా రచ్చబండ దగ్గర, రేషన్ షాపు దగ్గర చెప్పించండి.

ఫిర్యాదు వచ్చిన ఊరికి వెళ్లినప్పుడు “ఎవరు ఫోన్ చేశారు?” అని ఎప్పుడూ అడగకండి. మీ టీమ్‌లో ఎవరూ అడగకూడదని మొదటి రోజే చెప్పండి. మా టీమ్‌లో కొత్తగా వచ్చిన ఒకతను అమాయకంగా అడిగేశాడు. గుంపులో ఒక కుర్రాడి ముఖం పాలిపోయింది. అది చూసినవాళ్లు మేమొక్కరమే కాదు. తర్వాత ఆ ఊరి నుంచి ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. అప్పటి నుంచి ఊళ్లోకి వెళ్లినప్పుడు నేరుగా ఫిర్యాదు వచ్చిన ఇంటికి కాకుండా, ముందు వేరే రెండు వీధులు తనిఖీ చేసి అక్కడికి చేరేవాళ్లం.

ఏడో రోజు

వారం చివర టీమ్ మొత్తంతో ఒక ట్రయల్ చేయండి. కంట్రోల్ రూమ్‌కు చెప్పి, మీ పరిధిలో అన్నిటికంటే దూరంగా ఉన్న ఊరి పేరు మీద ఒక ఉత్తుత్తి పిలుపు ఇప్పించండి. రాత్రి పదిన్నరకు పెట్టండి, పగలు కాదు. వాచీ చూసుకుని బయల్దేరండి. దారిలోంచే పంచాయతీ కార్యదర్శికి, మహిళా కానిస్టేబుల్‌కు, స్టేషన్‌కు ఫోన్ చేయండి. ఎవరు ఎన్నో రింగుకు ఎత్తారో నోటుబుక్కులో రాయించండి. ఎత్తనివాళ్ల దగ్గరికి మర్నాడు ఉదయం మళ్లీ మీరే వెళ్లి కూర్చోండి. మాకు మొదటిసారి 26 నిమిషాలు పట్టింది. బండి నిలిపే చోటును మండల ఆఫీసు ముందు నుంచి నాలుగు రోడ్ల కూడలికి మార్చమని ఆర్వోను అడిగాం. రెండోసారి అదే ఊరికి 14 నిమిషాల్లో చేరాం.